యాంగోన్ కౌబాయ్ ఎక్కిలి

మన పెద్దలు రంగూన్ అనే యాంగోన్‌లో సైన్యం ఏలుతోంది, అక్కడికి వెళ్ళడానికి ఇది సమయం కాదని విశాఖలో నన్ను ఎరిగిన ప్రతివాడూ చెప్పాడు. అందుకే టికెట్ కొన్నాను. ఈ పురుగు నా బుర్రలో పెట్టింది మా మేనల్లుడు. వాడు యూనివర్సిటీలో ఏదో ఫ్రెంచి సిద్ధాంతం చదువుతున్నాడు. నకలుకు నకలు తీస్తూ పోతే కొన్నాళ్ళకు అసలుతో పనే ఉండదట, నకలే నిజమై కూర్చుంటుందట. ఇంటర్ తప్పినవాణ్ణి కనక నాకు వెంటనే అర్థమైంది. "దీనికి ఇంత చదువెందుకురా? మన అప్పన్న మావ జీవితమంతా అదే కదా!" అన్నాను. ఆ వారమే యాంగోన్ చుట్టాల పెళ్ళి శుభలేఖ ఫోన్లోకి వచ్చింది.

అప్పన్న మావ మా అమ్మ పినతల్లి కొడుకు, బర్మాలో పుట్టి పెరిగినవాడు, అక్కడ కంట్రీ పాటల, అంటే అమెరికా పల్లె పాటల, స్టారు. లుంగీ మీద కౌబాయ్ టోపీ; గుర్రాన్ని దగ్గర నుంచి చూసింది లేదు. వెనకటి సైనిక పాలనలో ఆ దేశం బయటి ప్రపంచానికి తలుపులేసుకున్న రోజుల్లో ఓడ కళాసీ ఒకడు ఇచ్చిన అమెరికా క్యాసెట్ విని, ఆ బాణీలకు బర్మా మాటలు కట్టి పాడేవాడు. అక్కడ అది దొంగతనం కాదు, ఆచారం. కాపీ పాట అని చెప్పే అమ్ముతారు. అయితే ఆ క్యాసెట్‌లో ఒకచోట టేపు నలిగి, గొంతు 'హిక్' అని ఎగిరేది. అమెరికాలో అలాగే పాడతారు కాబోలనుకుని మావ ఆ ఎక్కిలి కూడా నేర్చాడు. ఊరంతా ఊగిపోయింది.

పొద్దున కోల్‌కతాలో విమానమెక్కితే మధ్యాహ్నానికి దిగాను. టాక్సీ బేరం ఎక్కకముందే ఆడాలి. మావ ఉండే మింగళ తౌంగ్‌న్యున్ పేటకు గంట పట్టింది. డ్రైవరు కో సూరి; 'కో' అంటే అక్కడ 'అన్న' లాంటిది. వాళ్ళ తాత అహ్లోన్ రేవులో బియ్యం మూటలు మోసిన శ్రీకాకుళం మనిషి.

"అప్పన్న బాబు సుట్టాలా మీరు! ఆ అమెరికావోడి పాట కూడా ఇన్నాను బాబూ. మనోడిది కాపీ కొట్టీసినాడు గానీ, ఎక్కిలి కాడ దొరికిపోయినాడు. ఆడికి రాలేదు."

దారిలో రెండుచోట్ల సైనికులు ఆపారు. అక్కడ సూరి నోరు మూతపడింది, నాదీ మూతపడింది. మా ఆవిడ చూసి ఉంటే ఫోటో తీసుకునేది.

మావ టీ ఇచ్చి గోడు వెళ్ళబోసుకున్నాడు. స్మార్ట్‌ఫోన్ వచ్చాక మొదటిసారి అసలు పాట విన్నాడట. అందులో ఎక్కిలి లేదు. సిగ్గుతో చచ్చి, అప్పట్నుంచి ఎక్కిలి తీసేసి శుభ్రంగా పాడాడు. నువ్వు నకిలీవి అని జనం మొహం తిప్పుకున్నారు. ఇప్పుడు మావని అనుకరించే కో తూరా అనే కుర్రాడికే కచేరీలన్నీ.

"రేపు పెళ్ళిలో కూడా ఆడేరా పాడీది."

"సొంత చుట్టాల పెళ్ళికి నిన్ను పిలవలేదా?"

"పిలిసినారు. బోజనానికి."

కర్ఫ్యూ భయానికి అక్కడ పెళ్ళి సందడంతా మధ్యాహ్నం రెండింటికే ముగిస్తున్నారు. మర్నాడు కరెంటు లేదు, నెట్ లేదు, జనరేటరు మైకుకే సరిపోయింది. సైనికులు వంతెన మూసేశారని, తూరా అవతలే చిక్కుకున్నాడని సైకిల్ మీద కబురొచ్చింది. పెళ్ళికూతురి తండ్రి రాములు తల పట్టుకున్నాడు. నాకు చెయ్యి దురద పుట్టింది. అప్పన్నలా పాడేవాడు ఇంకొకడు నా దగ్గరున్నాడని చెప్పేసి, మావని వంటల పక్కకి లాక్కుపోయి నల్లకళ్ళద్దాలు పెట్టి, ముక్కు మీద దొంగ కౌబాయ్‌లా రుమాలు కట్టాను.

"నన్ను నానే కాపీ కొట్టాలేటిరా?"

"ఎక్కిలితో సహా."

"అది తప్పురా అల్లుడా. అసల్లో లేదు."

"నెట్ పోయింది మావా. అసలెక్కడుంది, ఎవడు చూస్తాడు?"

మావ వేదిక ఎక్కాడు. పాట ఎత్తుకున్నాడు. ఎక్కిలి చోటు దగ్గరపడుతుంటే విస్తళ్ళ ముందు చేతులన్నీ ఆగిపోయాయి. 'హిక్!' పందిరి లేచిపోయింది. వంటావిడ గరిటెతో సహా పరుగున వచ్చి ఈలేసింది.

రాములు వచ్చి భుజం తట్టాడు. "అచ్చు మా అప్పన్నలాగే ఉందయ్యా. ఇంకొంచెం సాదన సెయ్యి, సరిపోద్ది."

మావ రుమాలు విప్పాడు.

"అప్పన్నా! నువ్వేటి! పాటలు మర్సిపోయినావన్నారు?"

"మర్సిపోనేదు. ఇన్నాళ్ళూ సరిగ్గా పాడినాను. ఇయ్యాలే తప్పు పాడినాను."

"అయితే ఇంకో తప్పు పాడు," అంటూ రాములు మైకు మళ్ళీ అతని చేతిలో పెట్టాడు.

ఇదంతా విని మేనల్లుడు తన యూనివర్సిటీ పరిశోధన పేపర్లో రాస్తానన్నాడు. రాసుకోనీ. నాకు తెలిసిందల్లా ఇది: అమెరికా పాట అమెరికాలో చక్కగానే ఉండి ఉంటుంది. కానీ తలుపులు మూసిన ఊళ్ళో జనం దగ్గర కూర్చున్నది ఆ నలిగిన టేపే. ఈసారి తలుపులు మూసుకున్నప్పుడు వాళ్ళు దాన్నే అడిగారు. మీరు వెళితే ఒక్క మాట: దిగబోయే ఇంటి చిరునామా బర్మా లిపిలో కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకోండి. ఫోన్లో మ్యాపు ఉందిలే అనుకుంటే, నెట్ పోయిన రోజు వీధిలోనే ఉంటారు.