విల్ఫ్ కట్టిన దిష్టిబొమ్మ

ఇంగ్లండులో మా ససెక్స్ ఊళ్లో ఏటా నవంబరు పండగ మంటలో తగలబెట్టే దిష్టిబొమ్మను ముప్పయ్యేళ్లుగా విల్ఫ్ టాప్సెల్ కట్టేవాడు. ఆ ఏడు అమెరికా ఎన్నికల ఫలితం వచ్చిన పొద్దున, బొమ్మకు గెలిచినవాడి తల అతికిస్తున్నాడు. మాంసం కొట్టు డడ్లీ తలుపు తన్నుకుంటూ వచ్చాడు.

"గెలిచినోణ్ణి కాలుస్తావా ముసలోడా? ఓడినోడి తల పెట్టు!"

"నీకక్కడ ఓటుందేంట్రా, పందులు కోసుకునేవాడా?"

డడ్లీ ఒక్క గుద్దు గుద్దాడు. విల్ఫ్ పళ్లు రెండు ఊడి జిగురు డబ్బాలో పడ్డాయి. విల్ఫ్ సుత్తి తీసి డడ్లీ మోకాలు పగలగొట్టాడు.

శనివారం సాయంత్రం మంట అంటుకుంది. ఊరంతా ఈలలు వేసింది. చంకకర్రల మీద వచ్చిన డడ్లీ పైనున్న బొమ్మను చూసి, "నాకంత పొట్టెక్కడుందిరా!" అని అరిచాడు.

కాలుతున్న బొమ్మ పిడికిలికి విల్ఫ్ పళ్లు రెండూ అతికించి ఉన్నాయి.