తాత కాల్చిన రెండు

ఆ రోజుల్లో ఏం జరిగిందో అక్కడ నిలబడ్డవాళ్ల కంటే పారిపోయినవాళ్లే బాగా చెప్తారు. మా చిన్నాయన ఏ పెళ్లిలో కూర్చున్నా, నా డిగ్రీ రోజుల్లో నేను తాత తుపాకిని పేల్చి ఊరంతా లేపానని మొదలుపెడతాడు. తుపాకి పేలలేదు. (ఆయనకెలా తెలుస్తుంది? అప్పుడాయన పక్కింటి కొట్టంలో గడ్డి వెనక ఉన్నాడు.)

మాది కొత్తగూడ అడవి పక్క ఊరు. తుపాకి అనే మాటనే గొంతు తగ్గించి అనే కాలం. చేనుకు పందుల కాపలా కోసం తాతకు లైసెన్సు మీద ఒక భర్మార్ ఉండేది, మూతిలోంచి మందు కూరి పేల్చే పాత తుపాకి. తెల్లారి వచ్చి “రాత్రి రెండు కాల్చిన” అనేవాడు. ఒక్క పందీ ఇంటికి రాలేదు. తాత పోయిన మరుసటి ఏడు ఎన్నికలొచ్చాయి, తుపాకిని సాయంత్రంలోగా పోలీస్ స్టేషన్‌లో అప్పగించమన్నారు. అంత తుప్పుతో ఎలా ఇస్తామని కిరోసిన్ గుడ్డ పట్టుకుని కూర్చున్నాను. తుడిచి ఊరుకుంటే నేనెందుకవుతాను? గుర్రం (నిప్పు పుట్టించే సుత్తిని మా వైపు అలాగే అంటారు) ఏ స్ప్రింగుతో నడుస్తుందో చూద్దామని వెనక్కి లాగాను. టక్కున ఎక్కి కూర్చుంది. ఇక దిగదు.

“ఏం జేసినవే?” అన్నాడు బాపు.

“ఏం కాలే బాపూ. లోపల మందు లేకుంటే ఏం గాదు.”

“ఉంటే?”

ఆ ఒక్క మాటకు ఇల్లు ఖాళీ అయింది. ఉందో లేదో తెలిసిన మనిషి తాత ఒక్కడే. మందుతో బస్సెక్కితే దారిలో పేలవచ్చు. పేలకుండా స్టేషన్ చేరితే బాపును లోపల కూర్చోబెట్టవచ్చు. నా చెప్పు రబ్బరు కోసి గుర్రం కింద దూర్చాను. మూతికి పక్కగా నిలబడి ఇనుప చువ్వను గొట్టంలోకి మెల్లగా దించి, వేలితో గుర్తు పట్టి, తీసి బయట గొట్టం పొడవుకు ఆనించి చూశాను. జానెడు తక్కువ. అడుగున ఏదో ఉంది. చెమటకు చువ్వ చేతిలో జారుతోంది.

వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న అవ్వ మాత్రం కదల్లేదు. “అది పేలదు బిడ్డా.”

“నీకెట్ల ఎరుక? ఫిజిక్స్ చదివినవా?”

గొట్టం నిలబెట్టి చెంబెడు నీళ్లు పోశాను. అడుగు రంధ్రంలోంచి నల్లటి చుక్కలు కారాయి. “మందే,” అంది దర్వాజ వెనక నుంచి బాపు గొంతు. చువ్వ చివరనున్న మరమేకును లోపలికి తిప్పి తిప్పి లాగితే ముందు బనీను పేలిక వచ్చింది, దాని వెనక ఒకదాని తర్వాత ఒకటి, నానిన పొగాకు చుట్టలు.

దవాఖానలో అవ్వకు చుట్ట మానమన్నప్పటి నుంచి అమ్మ ఇల్లంతా వెతికి పారేసేది. తుపాకి జోలికి మాత్రం పోయేది కాదు.

“పెట్టుడైనా తీసుడైనా మీ తాతకే తెల్సు. ఇన్నొద్దులకు నువ్వు తీసినవ్,” అని అవ్వ వాటిని చాటలో ఎండబెట్టింది. బాపు ఖాళీ తుపాకితో బస్సెక్కాడు.

ఇప్పుడు నాకూ మోకాళ్ల నొప్పులు, నోరొక్కటే తగ్గలేదు. అంత వాదించిన నేను, అవ్వను అసలు సంగతి అడగనేలేదు. తాత రాత్రి కాపలాకు చేనుకు పోతుంటే వెనకే అవ్వ సద్ది పట్టుకుని పోయేది. తాత జన్మలో చుట్ట ముట్టలేదని మా ఇంట్లో అందరి నమ్మకం. మరి తాత తెల్లారి చెప్పే ఆ రెండింటిలో ఒకటి అవ్వదైతే, రెండోది కాల్చింది ఎవరు?