పడ్డావా, పడేశారా?

మొన్న ఉదయం మా అమ్మాయి హారిక కాలేజీకని స్కూటీ మీద బయల్దేరి, వీధి మలుపైనా దాటకుండానే కుంటుకుంటూ వెనక్కొచ్చింది. మోకాలు గీరుకుపోయింది, మోచెయ్యి కమిలింది. "ఏం లేదమ్మా, పడ్డాను" అంది. కొబ్బరినూనె సీసా మూత తీసి అరచేతిలో పోసుకున్నాను. ఆ వాసన ముక్కుకు తగిలీ తగలగానే నా ప్రమేయం లేకుండా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది: "పడ్డావా, పడేశారా?" అది నా ముఖంలోకి చూసి, "అబ్బా, కుక్క అడ్డమొచ్చిందే తల్లీ! కుక్కే పడేసింది. వెళ్లి దాన్నడుగు" అని నవ్వింది. నేనూ నవ్వబోయాను, రాలేదు. ఆ ప్రశ్న నాది కాదు, దమయంతి గారిది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది.

కొబ్బరినూనెకీ ఆవిడకీ ఏమిటి సంబంధం అంటారా? మేమిద్దరం గుంటూరు శివార్లలో ఒక మిర్చి ఎగుమతి కంపెనీలో పనిచేశాం. అక్కడ పెద్ద రేకుల షెడ్డులో ఆడవాళ్లు వరసల్లో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తారు. చేతులు మండకుండా పొద్దున్నే అందరూ కొబ్బరినూనె పట్టించుకుంటారు. నేను ఆ షెడ్డుకు సూపర్‌వైజర్ని. బయటివాళ్లకు తెలియని సదుపాయం ఒకటి అక్కడుంది. ఎవరి కళ్లు ఎర్రగా ఉన్నా ఎందుకని ఎవరూ అడగరు. తుమ్ములు, దగ్గులు, ధారగా కారే కళ్లు. ఎవరు ఘాటుకి ఏడుస్తున్నారో, ఎవరు ఇంటి సంగతులకి ఏడుస్తున్నారో దేవుడికే తెలియాలి. ఆ సదుపాయాన్ని నేను చాలాకాలం వాడుకున్నాను.

దమయంతి గారు మాకు పర్సనెల్ ఆఫీసరుగా వచ్చారు. పొదిలి మనిషి. పొట్టిగా ఉండేవారు, గొంతు మాత్రం షెడ్డు ఈ చివర మాట్లాడితే ఆ చివర కాయలు ఏరేవాళ్లు తలెత్తేంత. ఆడవాళ్ల ఫిర్యాదులు వినడానికి మా కంపెనీలో ఒక కమిటీ ఉండేది. అంటే గోడ మీద బోర్డు ఉండేది. వచ్చిన వారంలోనే ఆవిడ ఆ బోర్డు ముందు నిలబడి, "దీన్ని చదివి ఎవరన్నా బాగుపడ్డారా?" అని అడిగారు. ఆ మధ్యాహ్నమే మమ్మల్ని కొందరిని పిలిచి జట్టు కట్టారు. అందులో నేనున్నాను, హమాలీల మేస్త్రి ఏడుకొండలు ఉన్నాడు. ఆడవాళ్ల మీద చెయ్యెత్తడాలూ నోరు పారేసుకోవడాలూ మన గేటు లోపలైనా, ఇంటి నుంచి మోసుకొచ్చినా, మనకు పట్టాలన్నారు. "జీవితాంతం మంచోళ్లుగా ఉండమని నేనడగను. అది మీ వల్ల కాదు, నా వల్లా కాదు. వారానికో పందెం పెడతా. సోమవారం మొదలు, శనివారం ఆఖరు. ఒక్క వారం ఉండలేరా?" అన్నారు. ఏడుకొండలు మీసం దువ్వి, "పందెమంటే దిగుతానండీ" అన్నాడు.

మొదటి వారం పందెం, ఆడమనిషిని పేరు పెట్టి పిలవడం. ఏమే, ఒసేయ్, ఇదిగో అమ్మాయ్ కుదరవు. ఇదీ ఒక పందెమేనా అని మేస్త్రి తేలిగ్గా తీసుకున్నాడు. తీరా షెడ్డులోకి వచ్చి చూసుకుంటే, ఇన్నేళ్లుగా తను బస్తాలు దించుతున్న చోట కూర్చున్నవాళ్లలో ఒక్కరి పేరూ తెలియదు. ఒక్కొక్కరి ముందూ ఆగి, "నీ పేరేందమ్మా?" అని అడుగుతూ చెమటలు కక్కాడు. ఆడవాళ్లు కావాలని తప్పుడు పేర్లు చెప్పి ఆడించారు. ఆ వారం షెడ్డు నవ్వినంత మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు. శనివారానికి అందరి పేర్లూ నోటికి వచ్చేశాయి ఆయనకి. నన్ను మాత్రం "మేడం గారూ" అనే పిలిచేవాడు. సూపర్‌వైజర్ని కదా, నాకు ఆ పందెం వర్తించదనుకున్నాడు.

ఆ తర్వాతి పందెమే నా ప్రాణం మీదికి వచ్చింది. "మన భాషలో ఒక తిరకాసుంది" అన్నారు దమయంతి గారు. "మాట పడ్డాను, దెబ్బలు పడ్డాను, కష్టం పడ్డాను. అన్నీ మనమే పడతాం. పడేసినోడు వాక్యంలో యాడా కనపడడు. ఈ వారం ఎవరన్నా ఒంటి మీద దెబ్బతో వచ్చి 'పడ్డాను' అంటే, అయ్యో చూసుకోవాలి కదమ్మా అని వదిలేయకూడదు. పడ్డావా, పడేశారా అని అడగాలి. పక్కకు పిలిచి అడగాలి. ఒక్కసారే అడగాలి. నువ్వేమన్నావు, నువ్వేం చేశావు అని మాత్రం ఛస్తే అడగొద్దు." అందరితోపాటు నేనూ తలూపాను. మండుటెండల్లో పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని కూర్చుని తలూపాను.

హారిక వాళ్ల నాన్నగారు నలుగురిలో చాలా మర్యాదస్తులు. కోపం వస్తే మాత్రం చెయ్యి చేసుకునేవారు. నేను సంపాదించే మనిషిని, పదిమందికి పని చెప్పే మనిషిని, ఇంటికెళ్లి దెబ్బలు తింటున్నానని తెలిస్తే షెడ్డులో నా మాట ఎవరు వింటారు? అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. హారిక అప్పుడు బళ్లో చదువుకుంటోంది. నాన్న గొంతు పెరగగానే లేచి వెళ్లి టీవీ సౌండు పెంచేది. అది అలా అలవాటు పడిపోతోందని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

ఆ బుధవారం వాచిన చెంపతో పనికి వెళ్లాను. మధ్యాహ్నం భోజనాల వేళ, అందరూ క్యారియర్లు విప్పుకుని కూర్చున్నారు. ఎవరో అడిగితే "బాత్రూంలో పడ్డాను" అన్నాను. అటుగా పోతున్న ఏడుకొండలు టక్కున ఆగిపోయాడు. పాఠం అప్పజెప్పే పిల్లాడిలా నిటారుగా నిలబడి, బస్తాలు దించమని కేకేసే ఆ గొంతుతోనే అడిగాడు: "మేడం గారూ, పడ్డారా, పడేశారా?"

పక్కకు పిలిచి అడగాలన్న ముక్క పాపం మర్చిపోయాడు. షెడ్డంతా చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని నావైపు చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. "నోర్మూసుకుని నీ పని చూసుకో" అని అరిచి దమయంతి గారి గదిలోకి వెళ్లి పడ్డాను. అతన్ని జట్టులోంచి తీసెయ్యండి, లేదా నన్ను తీసెయ్యండి అన్నాను. ఆవిడ అంతా విని, "నలుగురిలో అడిగాడు, తప్పే. వాణ్ని నేను కడిగేస్తా" అన్నారు. ఆ గొంతు అంత మెల్లగా కూడా పలకగలదని నాకు అప్పుడే తెలిసింది. "కృష్ణవేణీ, ప్రశ్న మాత్రం తప్పు కాదు కదమ్మా."

ఆవిడ రెట్టించలేదు. "నీకొక్కదానికే ఒక పందెం. శనివారం లోపల ఎవరికన్నా ఒక్క మనిషికి ఒక్క వాక్యం చెప్పు. పడేసినోడు అందులో ఉండాలి." ఆ శనివారం చెప్పలేకపోయాను. "సరే, సోమవారం మళ్లీ మొదలెడదాం" అన్నారు. తర్వాతి శనివారమూ అంతే. ఓడిపోయావని ఒక్కసారీ అనలేదు. ఎన్ని సోమవారాలు అలా గడిచాయో. ఆవిడ ముఖం చూడటానికి సిగ్గేసి, ఆఫీసు వైపు నుంచి వెళ్లడం మానేసి వెనక గేటు నుంచి వెళ్లేదాన్ని.

చివరికి ఒక ఆదివారం పొద్దున మా గడప మీద నా మణికట్టు విరిగింది. దమయంతి గారికి ఫోన్ చేసింది హారిక. ఆస్పత్రిలో నర్సు, "ఎట్లా అయిందమ్మా?" అంది. "పడ్డాను" అన్నాను. దమయంతి గారు పక్కనే నిలబడి నర్సు రాసే కాగితం వైపు చూస్తున్నారు. హారిక మాత్రం నా కొంగు పట్టుకుని నా నోటి వంకే చూస్తోంది. అది ఇంకో క్షణం అలా చూస్తే, రేపు అది కూడా ఇదే మాట చెబుతుందనిపించింది. "కాదండీ. పడేశారు" అన్నాను. "ఎవరు?" అంది నర్సు. "మా ఆయన."

కేసు పెట్టడం, విడిగా ఇల్లు తీసుకోవడం, ఇంటి గుట్టు ఆస్పత్రిలో విప్పుతావా అని మా అమ్మ నెలల తరబడి మాట్లాడకపోవడం, అవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు వరండాలో దమయంతి గారు నా కట్టు వైపు చూస్తూ, "వాక్యం చెప్పావు, సంతోషం. చెయ్యి విరగ్గొట్టినోడికి కూడా మర్యాదేందమ్మా? 'పడేశారు' ఏంది? 'డు' లేదా నీ దగ్గర?" అన్నారు. అలవాటండీ అన్నాను. "సరే. అది వచ్చేవారం పందెం." ఏడుస్తూనే నవ్వాను. సిగ్గుగా ఉందండీ అంటే, "ఉంటది. రేపే పోద్దని అబద్ధం చెప్పను. దాంతోపాటే పనికి రా" అన్నారు.

వెళ్లాను, పొట్టి చేతుల జాకెట్టుతో, కట్టుతో. తలెత్తలేక తొడిమల వంకే చూస్తూ నిలబడ్డాను. ఎవరో పక్కకు వచ్చినట్టయింది. ఏడుకొండలు. నాకు తప్ప ఇంకెవరికీ వినపడనంత మెల్లగా, "కృష్ణవేణి గారూ, టీ తెప్పించేదా?" అన్నాడు. ఆయన నన్ను పేరుతో పిలవడం అదే మొదలు.

రిటైరై పొదిలి వెళ్లిపోయాక కూడా దమయంతి గారు సోమవారాలు ఫోన్ చేసేవారు. క్షేమం తర్వాత అడిగే మాట ఒక్కటే: "డు వచ్చిందా?" ఇంకా లేదండీ అంటే, "వచ్చే సోమవారం చూద్దాంలే" అనేవారు. ఆవిడ పోయేనాటికీ రాలేదు.

ఇది రాస్తుంటే హారిక మోకాలికి నూనె రాసుకుంటూ నా భుజం మీంచి చదివింది. "మర్యాదస్తులు అట! చెయ్యి చేసుకునేవారు అట! ఇంకా ఎందుకమ్మా?" అని విసుక్కుంది. ఆ మాటలు కొట్టేద్దామనుకుని, ఉంచేశాను. నేనెలా బతికానో ఆ అక్షరాల్లోనే ఉంది. సిగ్గు ఇప్పటికీ పోలేదు. ముందు దెబ్బలు తిన్నందుకు, ఇప్పుడు ఆ 'డు' ఆవిడకి చెప్పకుండా ఉండిపోయినందుకు. ఇవాళ సోమవారం. దమయంతి గారూ, నేను పడలేదండీ. మా ఆయన నన్ను పడేశాడు.