అట్టలేని పుస్తకంలో నాలుగు పోగులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ పుస్తకం తెరిచినా లోపల నూలు పోగులు కనిపించేవి. మాది కరీంనగర్ నుంచి బస్సులో గంట ప్రయాణమంత దూరంలో ఉన్న నేతకారుల ఊరు. ఏ ఇంటికి వెళ్లినా మగ్గం, ఏ మూల చూసినా నూలు. అందుకే ఎక్కడిదాకా చదివామో గుర్తుండడానికి పేజీల మధ్య పెట్టుకునేందుకు కూడా మాకు పోగే దొరికింది. ఇప్పుడు మా మనవరాలు అందుకోసం బొమ్మలున్న అట్టముక్కలు కొనుక్కుంటుంది. కొనుక్కోనీ. నాకు మాత్రం పోగు లేని పుస్తకాన్ని చూస్తే ఇంకా ఎవరూ ముట్టుకోలేదేమో అనిపిస్తుంది.

అమావాస్యనాడు మా వాళ్లు మగ్గం ఎక్కరు. వాడంతా చప్పుడు లేకుండా ఉండే ఆ మధ్యాహ్నం, మా తాత మగ్గం గదిలో పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లు ముగ్గురు చేరేవాళ్లు. ఒకరు మా తాత. అరవై దాటిన మనిషి, వాడలో పెద్దరికం ఉన్నవాడు. ఉర్దూ పేపరు గడగడా చదివి అందులోని సంగతులు అందరికీ తెలుగులో చెప్పేవాడు. రెండో ఆయన నూలుకు రంగులు వేసే కాక. కాక అంటే మా వైపు చిన్నాన్న. ఆయన మాకు చుట్టమేమీ కాదు, ఊరంతా ఆయన్ని రంగుల కాక అనే పిలిచేది. ఆయన వేళ్లు ఎప్పుడూ నీలంగా ఉండేవి, ఆయన చదివిన పేజీల అంచులు కూడా. మూడో మనిషి మా పక్కింటి అక్క. ఏడో తరగతితో బడి మాన్పిస్తే, ఇంట్లో నూలు కండెలు చుడుతూ చేతికి దొరికిన కాగితమల్లా చదివేది. ఆమె నోరు కొంచెం కారం.

రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయి అప్పటికి నాలుగైదేళ్లు. తెలుగు నవలలు మా ఊరిదాకా రావడం అరుదు. అక్క మేనమామ కరీంనగర్ నుంచి ఒకటి తెచ్చి ఇచ్చాడు. వచ్చేటప్పటికే దానికి అట్ట లేదు, పేరున్న పేజీ కూడా చిరిగిపోయింది. అందుకని అందరం దాన్ని అట్టలేని పుస్తకం అనేవాళ్లం. గోదావరిలో పడవ నడుపుకునే ఒక ఇంటి కథ. వరదలో కొట్టుకుపోయిన అన్న బతికే ఉన్నాడని నమ్మి, చెల్లెలు ఊరూరా వెతుక్కుంటూ పోతుంది. అన్న దొరుకుతాడా, లేదా? అదీ కథ.

పుస్తకం మగ్గం గది గోడ గూట్లో ఉండేది. తీరిక దొరికినవాళ్లు వచ్చి చదువుకుని, తమ పోగు జరిపి పోయేవాళ్లు. అక్కది ఎర్ర పోగు, కాకది నీలం, తాతది రంగు వెయ్యని తెల్లది. అమావాస్యనాడు మాత్రం అందరూ కూర్చుని ఎవరు ఎక్కడున్నారో, ఏం చదివారో చెప్పుకోవాలి. దానికి ఒక కట్టుబాటు ఉండేది. అందరికంటే వెనుక ఎవరి పోగు ఉందో, దాన్ని దాటి కథ చెప్పకూడదు. అక్క ఎప్పుడూ అందరికంటే ముందుండేది. అన్నీ తెలిసి కూడా పెదవులు బిగబట్టి కూర్చునేది. కథ చెప్పేది కాకే. మా తాత తెల్ల పోగు ఎప్పుడు చూసినా కాక నీలం పోగు పక్కనే ఉండేది. "నేను సుత గాడనే ఉన్న" అనేవాడు తాత, తానూ అక్కడిదాకే చదివానని. కాక చెప్పడం అయ్యాక ఆ చెల్లెలి గురించి, ఆ పడవ గురించి తన మాట ఒకటి చెప్పేవాడు. ఆ మాట కోసం మిగిలిన ఇద్దరూ చెవులు రిక్కించేవాళ్లు.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. మా తాతకు ఒక్కడే తమ్ముడు. బొంబాయి మిల్లులో పని దొరుకుతుందని నేను పుట్టకముందే పోయాడు. కొన్నాళ్లు ఉత్తరాలు వచ్చాయట, తరువాత అవీ ఆగిపోయాయి. తాత ఆయన పేరు ఎత్తగా నేనెప్పుడూ వినలేదు. అవ్వ నాకు చాటుగా చెప్పబట్టి తెలిసింది.

అప్పుడు నాకు పదేళ్లు, ఐదో తరగతి. వాళ్లతో సమానంగా కూర్చోవాలని నాకు ఒకటే ఆశ. తాత వెంటబడి వెంటబడి ఒక పసుపు పోగు సంపాదించాను. తొలి అమావాస్యకు నేను తొమ్మిదో పేజీలో ఉన్నాను. అబద్ధమెందుకు, నెల రోజుల్లో నేను చదివింది అంతే. ఇక ఆ రోజు ఎవరికీ కథ లేదు. కట్టుబాటు ప్రకారం నా పోగు దాటి ఎవరూ నోరు తెరవకూడదు మరి. కాక నవ్వి, "అమాసకు తొమ్మిది పేజీలైతే నీ పెండ్లి నాటికి ఒడుస్తదా బిడ్డా?" అన్నాడు. అక్క ఊరుకుంటుందా? "పోగు వెట్టుడు కాదే పోరీ, చదవాలె" అంది. తాత ముఖం మాత్రం చిన్నబోయింది. ఎందుకో అప్పుడు తెలియలేదు, నా వల్లేనని మాత్రం అర్థమై ఏడుపొచ్చింది.

మరుసటి అమావాస్యకు ముందురోజు ఎవరూ లేనప్పుడు గూట్లోంచి పుస్తకం తీశాను. అప్పటికి నేను పదిహేనో పేజీకి వచ్చాను. పసుపు పోగు లాగి, వంద దాటాక నీలం, తెల్ల పోగులు జంటగా ఉన్నచోట పెట్టేశాను. కాక ఎలాగూ కథ చెబుతాడు, నేను తల ఊపితే సరిపోతుందనుకున్నాను. పదేళ్ల తెలివి అంతవరకే పోయింది.

అమావాస్య వచ్చింది. కాక పుస్తకం తెరిచి మూడు పోగులూ ఒకేచోట చూసి మురిసిపోయాడు. "గిట్లుండాలె పోరంటే. ఇగ ఇయ్యాల నువ్వే చెప్పు" అన్నాడు. లేచి పారిపోయినా బాగుండేది. పారిపోలేదు. అంతకు ముందు ఏడాది ధర్మపురి జాతరకు పోయినప్పుడు చూసిన గాజుల దుకాణం గుర్తొచ్చింది. ఆ చెల్లెలు ధర్మపురి జాతరకు పోయిందని, అక్కడ గాజులమ్మే మనిషి వెనక్కి తిరిగితే అతడే అన్న అని చెప్పేశాను.

కాక, అక్క ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను వాళ్లను చూస్తున్నాను. తాత మాత్రం నన్నే చూస్తున్నాడు.

"దొరికిండా?" అన్నాడు. భుజం మీది తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు. "మంచిగైంది. ఎంత మంచిగైంది. బక్కగైండా బిడ్డా? చెల్లెను గుర్తువట్టిండా?"

"గుర్తువట్టిండు తాతా" అన్నాను. ఇంత వయసొచ్చినా ఆ ఒక్క మాటకు నన్ను నేను క్షమించుకోలేదు.

కాక మెల్లగా, "అన్నా, గా పేజీలు నువ్వు చదివినవు గదా. కథల అన్న దొరకలే గదా" అన్నాడు. అని, వెంటనే ఎందుకన్నానా అనుకున్నట్టున్నాడు. "కండ్లు సరిగ కనవడ్తలేవేమో, గది పెద్ద ముచ్చటా" అని సర్దబోయాడు. తాతకు తప్పించుకోవడానికి దారి దొరికింది. ఊ అంటే అయిపోయేది. వాడలో ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు.

తాత నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయనకు అంతా తెలిసిపోయింది. పుస్తకం దగ్గరికి జరిగి, తెల్ల పోగు బయటికి తీసి, తాపీగా మొదటి పేజీలో పెట్టాడు.

"కండ్లు మంచిగనే ఉన్నయి తమ్మీ. నాకు తెలుగు చదువ రాదు. నైజాం కాలంల సర్కారు బడిల నేర్పింది ఉర్దూ. తెలుగైతే అచ్చరాలు కూడబలుక్కునుడే. నువ్వు చెప్తే ఇన్న, నీ పోగు పక్కపొంటి నా పోగు వెట్టిన. ఇన్నొద్దుల సంది గంతే" అన్నాడు. తరువాత నాతో, "మగ్గం మీద పోగు తప్పువడితే ఏం జేస్తం బిడ్డా? తప్పిన కాడిదాక విప్పుతం. మళ్ల నేస్తం" అన్నాడు. కోపం లేదు, నవ్వూ లేదు. బేరం చెప్పినంత మామూలుగా చెప్పాడు.

నేను ఏడుస్తూ నా సంగతి చెప్పాను. తాత ముందుగా తన పోగు జరుపుకోకపోతే చెప్పేదాన్ని కాదు, నా సంగతి నాకు తెలుసు. అంత కారం నోటి అక్క కూడా తిట్టకుండా పసుపు పోగు తీసి నా చేతికిచ్చి, "ఏడున్నవో గాడ వెట్టు" అంది. పదిహేనో పేజీలో పెట్టాను. మళ్లీ తీసి, తాత పోగు పక్కన మొదటి పేజీలో పెట్టాను.

ఆ మరునాటి నుంచి బడి విడవగానే తాత మగ్గం దిగేవాడు. నేను రెండు పేజీలు పైకి చదివేదాన్ని. తాత నా వేలి వెంట తన వేలు నడిపిస్తూ అక్షరాలు పట్టేవాడు. తెలిసిన మాట దొరికితే నాకంటే ముందే చదివి, గెలిచినట్టు నా వైపు చూసేవాడు. మా ఇద్దరి పోగులు చివరికి చేరడానికి నాలుగు అమావాస్యలు పట్టింది. అన్ని నెలలూ అక్క, కాక కథలో మా పోగులు దాటి ఒక్క ముక్క కూడా బయటపెట్టలేదు. అక్కకు అది ఎంత కష్టమో నాకు తెలుసు.

చివరి పేజీ నేను ముందురోజే దొంగతనంగా చూసుకున్నాను. అందుకే ఆ రోజు దాని దగ్గరికి రాగానే ఆగిపోయాను. కళ్లు గుంజుతున్నాయన్నాను. రేపు చదువుదామన్నాను. నాలుగు మాటలు మార్చి చదివితే ఏమవుతుందని కూడా అనుకున్నాను. తాత పసిగట్టాడు.

"ఉన్నది ఉన్నట్టు చదువు బిడ్డా" అన్నాడు.

నా వల్ల కాలేదు. అప్పుడు తాత పుస్తకం తన ఒళ్లోకి తీసుకుని తానే మొదలుపెట్టాడు. ఒక్క పేజీ చదవడానికి అరగంట పట్టింది. చెల్లెలు వెతకడం మానేసి ఇంటికి వస్తుంది. అన్న తెడ్డు తీసి తుడిచి, తానే పడవ ఎక్కుతుంది. చివరి వాక్యం దగ్గర ఆయన వేలు చాలాసేపు నిలబడింది. "అన్న... మళ్ల... రా... లే... దు." ఆ మాటను కలిపి ఇంకోసారి చదివాడు. తప్పు చదవలేదని చూసుకున్నాడు.

పుస్తకం మూసి, "మా తమ్ముడు సుత రాలే" అన్నాడు.

ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి. ఆ పొద్దు మళ్లీ మగ్గం ఎక్కలేదు. దీపాలు పెట్టేదాకా తమ్ముడి ముచ్చట్లే చెప్పాడు. ఎంత వేగంగా నేసేవాడో, చింతచెట్టు మీంచి పడి ముంజెయ్యి ఎలా విరగ్గొట్టుకున్నాడో, బస్సెక్కేటప్పుడు ఏ అంగీ వేసుకున్నాడో. అవ్వ పని వదిలేసి గడప దగ్గర నిలబడి విన్నది.

అక్క పెళ్లయి పోయేటప్పుడు ఆ పుస్తకం నాకే ఇచ్చింది. పసుపు పోగు, తెల్ల పోగు ఇంకా దాని చివరి పేజీలోనే ఉన్నాయి. పసుపు వెలిసిపోయి ఏది ఎవరిదో పోల్చుకోవడం ఇప్పుడు కష్టం. నాలుగిళ్ల ఆడవాళ్లం కలిసినప్పుడు ఏం చదువుతున్నావని ఎవరైనా అడిగితే, నేను ముందు నా పోగు ఎక్కడుందో చూసుకుంటాను. పద్నాలుగో పేజీలో ఉంటే పద్నాలుగనే చెబుతాను. చదవనిది చదవలేదంటాను. నవ్వేవాళ్లు నవ్వుతారు. కాకంత బాగా మాత్రం ఎవరూ నవ్వరు. నోటిదాకా అబద్ధం వచ్చిన రోజులు లేవని చెప్పను. అప్పుడల్లా తెల్ల పోగును మొదటి పేజీకి తెచ్చి పెట్టుకున్న మా తాత చెయ్యి గుర్తొస్తుంది.