శేషు గీసిన రెండో భాగం

నిన్న పొద్దున శేషు భార్య లక్ష్మి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, మీ ఫ్రెండు లెగట్లేదు."

గుండీలు తప్పుగా పెట్టుకున్న చొక్కాతోనే మంగ్లాలో మా ఇంటి నుంచి వాళ్ల రైల్వే కాలనీకి బండి మీద పరిగెత్తాను. అప్పటికే అయిపోయింది. డ్యూటీకని షూ వేసుకుంటూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. గుండెపోటు.

అప్పటి నుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. లేస్తున్నాను, వరండాలోకి వెళ్తున్నాను, మళ్లీ వస్తున్నాను. ఈ పోస్ట్ కూడా నిలబడే టైప్ చేస్తున్నాను.

శేషు తెలియనివాళ్ల కోసం: మా ఇద్దరి నాన్నలూ శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊళ్లో రైల్వే ఉద్యోగాలకి వచ్చినవాళ్లే. పక్కపక్క క్వార్టర్లు. వాడు లోకో షెడ్‌లో టెక్నీషియన్ అయ్యాడు, నేను బ్యాంకులో చేరాను.

చిన్నప్పుడు మాకు హిందీ కామిక్స్ పిచ్చి. వాడి హీరో లోహమిత్ర. నా హీరోయిన్ జ్వాలిక. ఇప్పుడు ఆ పేర్లు ఎవరికీ గుర్తులేవు.

ఒకసారి ఆ ఇద్దరూ ఒకే కథలో కలిశారు. క్రాసోవర్, రెండు భాగాలు. రెండో భాగం వచ్చిందేమోనని రోజూ స్కూల్ అయ్యాక గోల్ బజార్‌లో పుస్తకాల కొట్టుకి వెళ్లేవాళ్లం. చివరికి అదీ దొరికింది; మొదటిది వాడు దాచుకున్నాడు, రెండోది నేను.

తర్వాత మేం క్వార్టర్ ఖాళీ చేస్తూ ఉంటే అమ్మ నా కామిక్స్ అన్నీ పాత కాగితాలు కొనే రద్దీవాడికి ఇచ్చేసింది. శేషుకి చెప్పలేదు. సిగ్గేసింది.

ఎన్ని ఏళ్లు గడిచాయో. కలుస్తూనే ఉన్నాం, ఆ మాట మాత్రం రాలేదు. పోయిన చలికాలంలో వాడు మొదటి భాగం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"నాది తెచ్చీసాను. నీది తియ్యి. మొత్తం సదువుదాం."

"అటక మీద ట్రంకులో ఉందిరా, వెతకాలి."

మూడు ఆదివారాలు అదే అబద్ధం. నాలుగోసారి వాడే అటక కింద స్టూలు వేసి ఎక్కాడు. అప్పుడు చెప్పేశాను.

తిడతాడనుకున్నాను. స్టూలు దిగి, "అచ్ఛా. నీకు గుర్తున్నంత సెప్పు, నేను గీస్తాను" అన్నాడు.

అలా మొదలైంది. ఒక డ్రాయింగ్ పుస్తకం, పెన్సిలు, ప్రతి ఆదివారం మా డైనింగ్ టేబుల్. నేను చెప్పడం, వాడు గీయడం. ఇంజిన్ బోల్టులు బిగించిన ఆ మోటు వేళ్లు జ్వాలిక జుట్టుని వెంట్రుక వెంట్రుకగా గీసేవి.

"ఇదేట్రా, లోహమిత్ర నెత్తి మీద హెడ్‌లైటా?" అన్నాను.

"మరి? పొగమంచులో ఎలా కనపడతాదేటి?"

ముగింపు దగ్గర గొడవ పడ్డాం. జ్వాలిక ఒంటరిగా మంటల్లోకి వెళ్లిపోతుందని నేను. లోహమిత్ర ఆమెను వెనక్కి లాగుతాడని వాడు.

"ఆడు వదల్డురా! నాకు బాగా గుర్తు."

"నీకేటి గుర్తు? ఆ పుస్తకం నా దగ్గర కదా ఉండేది!"

ఎందుకన్నానో. పుస్తకాన్ని పోగొట్టినవాణ్ణి నేను. వాడి ముఖం చిన్నబోయింది. డ్రాయింగ్ పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అది మొన్న ఆదివారం. సోమవారం ఫోన్ చేద్దామనుకున్నాను. మంగళవారం కూడా అనుకున్నాను.

నిన్న సాయంత్రం అంతా అయ్యాక, శేషు కూతురు హారిక ఆ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. చివరి రెండు పేజీల్లో గళ్లు గీసి వదిలేశాడు. బొమ్మల్లేవు.

"అంకుల్, ఫిర్ క్యా హువా? జ్వాలిక చచ్చిపోయిందా?"

"లేదమ్మా. లోహమిత్ర చెయ్యి పట్టుకున్నాడు. వదల్లేదు."

పొద్దుటి నుంచి ఏడవని పిల్ల, అప్పుడు ఏడ్చింది.

అసలు పుస్తకంలో ఏముందో నాకూ సరిగ్గా గుర్తులేదు. ఆ ఒక్క మాట వాడితో ఒప్పుకుని ఉంటే బాగుండేది.

పోయిరా శేషూ. ఎక్కడున్నా నీ మనసు నెమ్మదిగా ఉండాలి.