మట్టి ఆరబెట్టే పొయ్యిలో క్రిస్మస్ హ్యామ్

1960 నవంబరులో నన్ను నల్లగొండ నుంచి కృష్ణానది మీద కడుతున్న ఆనకట్టకు బదిలీ చేశారు. హోదా సూపర్‌వైజరు, పని మట్టి పరీక్షల ప్రయోగశాలలో. సూపర్‌వైజరు అంటే డిప్లొమా చదివినవాడు. వాడి పైన జూనియర్ ఇంజనీరు, ఆ పైన అసిస్టెంటు ఇంజనీరు, అందరి నెత్తిన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. తప్పు జరిగితే పేరు మాత్రం కింది నుంచి పైకి వెతుకుతారు. తోటివాళ్లంతా క్రేన్ల కింద, రాతిగోడల మీద నిలబడి ఫొటోలు దిగుతుంటే నాకు మట్టి ఎండబెట్టే పని వచ్చిందని కొన్నాళ్లు ముఖం మాడ్చుకునే తిరిగాను.

చదివేవాళ్లకు ఆ పనేమిటో చెప్పాలి. నది నడుమ రాతి ఆనకట్ట, దానికి రెండు వైపులా మట్టికట్ట. మట్టికట్టను ఒక్కసారిగా పోయరు. జానెడు మందాన పరిచి, నీళ్లు చల్లి, గొర్రె గిట్టల్లాంటి ఇనుప ముళ్లున్న రోలరుతో తొక్కించి, దాని మీద మరో పొర వేస్తారు. మట్టిలో తడి ఎక్కువైతే కట్ట మెత్తబడుతుంది, తక్కువైతే అతుక్కోదు. అందుకని ప్రతి పొరలోంచి ఉక్కు గొట్టంతో ఒక ముద్ద కోసి తెచ్చి, తూచి, కరెంటు ఓవెనులో నూట పది డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఆరబెట్టి, మళ్లీ తూస్తాం. తగ్గిన బరువే నీళ్లు. లెక్క కుదరకపోతే ఆ పొరంతా చెక్కి పారేయాల్సిందే. ఎండలో దినమంతా మట్టి మోసిన పాలమూరు కూలీలు ఆ చెక్కడం చూస్తూ నన్ను ఏమని తిట్టుకునేవారో నాకు తెలుసు.

మా ప్రయోగశాలలో ఓవెన్లు రెండు. ఒకటి పనిచేసేది, రెండోది వరండాలో పడి ఉన్నది. దాని థర్మోస్టాట్, అంటే వేడిని ఒక హద్దులో పట్టి ఉంచే పరికరం, కాలిపోయింది. మీట వేస్తే వేడెక్కుతూ పోవడమే, ఆగడం తెలియదు. ప్రభుత్వ వస్తువు చెడిపోతే పారేయడానికి లేదు. సర్వే రిపోర్టు రాయాలి, అది పైకి వెళ్లాలి, పైవాళ్లు ఒప్పుకోవాలి. అప్పటిదాకా అది ఎవరికీ పనికిరాకుండా, ఎవరూ ముట్టుకోకుండా ఉండాలి.

ఇక శాంతమ్మ సంగతి. మా ల్యాబ్ అసిస్టెంటు డానియేలుకు ఆమె తల్లి. మహబూబ్‌నగర్ వైపు ఒక మిషన్ బంగళాలో ముప్పై ఏళ్లు వంట చేసింది. ఆ ఏడు బంగళాలోని తెల్ల దొరసాని స్వదేశం వెళ్లిపోయింది, బంగళాకు తాళం పడింది, శాంతమ్మ ట్రంకుపెట్టెతో కొడుకు క్వార్టరుకు వచ్చింది. డిసెంబరు మూడో వారంలో ఒక ఉదయం ఆమె నేరుగా ప్రయోగశాల గుమ్మంలోకి వచ్చి నిలబడింది. డానియేలు ముఖం చూస్తే ఆమె రాక అతనికి ముందుగా తెలియదని అర్థమైంది.

"సారూ, మీ కాడ పెద్ద పొయ్యి ఉన్నదంట. పండుగ నాడు ఒక్క దినం ఇయ్యరాదుండ్రి?" అన్నది.

"అమ్మా, నడువు. సార్లను గిట్ల అడుగుతరా?" అని డానియేలు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె కదల్లేదు. నేను కూర్చోమన్నాను, కూర్చోనూ లేదు. నిలబడే చెప్పింది.

బంగళాలో ప్రతి క్రిస్మస్‌కు హ్యామ్ చేసేవారట. అంటే పంది తొడ. ఉప్పు, బెల్లం, కాస్త సూరేకారం పట్టించి, జాడీలో పెట్టి, పైన బండ పెట్టి, రోజూ తిప్పుతూ చలికాలపు చల్లదనంలో ఊరబెట్టాలి. పండుగ ముందు నాడు ఉప్పు వదిలేదాకా నానబెట్టి, ఉడికించి, తోలు తీసి, పైనున్న కొవ్వు మీద కత్తితో గళ్లు గీసి, గడికొక లవంగం గుచ్చాలి. ఆపైన బెల్లం పాకం పూసి, మూసిన పొయ్యిలో పెడితే పాకం అద్దంలా మెరుస్తూ గడ్డకడుతుంది. ఆ చివరి పనికే పొయ్యి కావాలి. కట్టెల పొయ్యి మీద అది కాదు. ఊరబెట్టడం అప్పటికే మొదలుపెట్టింది, తొడ జాడీలో ఉంది. అడగకముందే ఊరబెట్టిన ఆ ధైర్యం నాకు నచ్చింది.

"ముప్పై ఏండ్లు చేసిన సారూ. బల్ల కాడ ఒక్కనాడు కూసోలే. మిగిలింది దొరసాని తెల్లారి రొట్టెల పెట్టుకుంటుండె. మాంసమంత గీకినంక బొక్క మాకిస్తే పప్పుల ఏసుకొని తిన్నం. నా చెల్లె ఏడాదికోసారి నవ్వుతది, 'ఎన్ని చేసినవ్ అక్కా, ఒక్కటన్న తిన్నవా?' అని. గీసారి నా ఇంట్ల, నా బల్ల మీద పెట్టి, నా మంది నడుమ కూసొని తినాలె. గంతే."

నేను కాదన్నాను. ఓవెను మట్టి కోసం, అందులో ఇరవై నాలుగు గంటలూ నమూనాలు ఉంటాయి, వేడి మారితే లెక్క తప్పుతుంది, కట్టకు ప్రమాదం. అన్నీ నిజాలే. ఆమె శ్రద్ధగా విని, "సరే సారూ, మట్టి ముఖ్యమే" అని వెళ్లిపోయింది. వాదించి ఉంటే నాకు నిద్ర పట్టేది.

మర్నాడు తనిఖీకి వచ్చిన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారికి ఈ సంగతి నవ్వులాటగా చెప్పాను. ఆయనది గోదావరి జిల్లా. నియమాల మనిషి, నోరు మాత్రం పదును. నవ్వలేదు. వరండాలో ఉన్నదాని సంగతేమిటని అడిగారు. పరీక్షకు పనికిరాదండీ అన్నాను. "పరీక్షకు పనికిరాదని రాశారు. వంటకు పనికిరాదని రాశారా?" అన్నారు. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది మీ వ్యవహారం" అని, రెండు షరతులు పెట్టారు. ఓవెనును ప్రయోగశాలకు దూరంగా, వరండా చివర పెట్టాలి. థర్మోస్టాట్ లేదు గనుక బాధ్యతగల మనిషి పక్కనే కూర్చుని మీట వేస్తూ, తీస్తూ ఉండాలి. ఆ బాధ్యతగల మనిషి ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఇల్లు అలకగానే పండగ కాదు. డానియేలూ నేనూ ఆ ఓవెను లోపల పేరుకున్న మట్టిని గీకి, సోడాతో కడిగి, ఒట్టిగా కాల్చి చూశాం. పైకప్పులో థర్మామీటరు పెట్టే రంధ్రం బాగానే ఉంది. తలుపు తీయకుండా లోపలి వేడి తెలుస్తుంది. పాకానికి బెల్లం సంతలో దొరికింది. బంగళాలో నారింజ రసం కలిపేవారట. ఇక్కడ నారింజలు లేవు. బత్తాయిలకు మా జిల్లాలో కొదవేమిటని మా ఊరి తోట నుంచి ఒక సంచి తెప్పించాను. ఆమె ఒకటి కోసి, నాలుక మీద చుక్క వేసుకుని, "పులుపు సాలది, జర ఆవపిండి కలుపుత" అన్నది.

క్రిస్మస్ నాడు రేకుల షెడ్డులో ప్రార్థన అయ్యాక తొడను పళ్లెంలో తెచ్చారు. తోలు తీసి, గళ్లు గీసి, లవంగాలు గుచ్చి ఉంది. మా ఇంట్లో పంది పేరే ఎత్తరు. అయినా అది చూడటానికి చాలా చక్కగా ఉందని ఒప్పుకోవాలి. పాకం పూసి లోపల పెట్టి తలుపు బిగించాం. పాదరసం నూట తొంభైకి రాగానే మీట తీసేవాణ్ని, నూట డెబ్భైకి దిగితే వేసేవాణ్ని. మధ్యలో ఒకసారి తెరిచి ఆమె మరో పూత పూసింది. వరండా అంతా బెల్లం, లవంగం వాసన. సెలవు రోజున పనేమీ లేని ఇద్దరు డ్రైవర్లు ఊరికే అటూ ఇటూ నడవసాగారు.

రెండో పూత వేసి తలుపు మూసిన కాసేపటికి కరెంటు పోయింది.

ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. శాంతమ్మ ముఖం పాలిపోయింది. కొల్లాపూర్ దిక్కు నుంచి చెల్లెలి కుటుంబం అప్పటికే బస్సు దిగి క్వార్టరులో కూర్చుని ఉంది. "తెరువుండ్రి సారూ, బయటికి తీస్త. పాకం కారిపోతది. బొగ్గుల మీదన్న కాలుస్త" అని తలుపు మీద చెయ్యి వేసింది. ఉడికిన తొడను బొగ్గుల మీద పెడితే పాకం ఒకచోట మాడుతుంది, ఒకచోట కారుతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. భయంలో తెలిసిన సంగతులు గుర్తుండవు. నేను తలుపుకు అడ్డం నిలబడి, తెరవొద్దు, ఇంకా నూట అరవై ఉంది అన్నాను.

"నూటరువై అంటె ఎంత కొడుకా?" అని అడిగింది. సారు పోయి కొడుకు వచ్చింది.

రోజూ డిగ్రీలు రాస్తున్నాను గానీ, నూట అరవై ఎంత అని నన్నెవరూ అడగలేదు. కాస్త ఆలోచించి, జొన్నరొట్టె పెంకు మీద నీళ్లు చిలకరిస్తే చుయ్‌మని ఎగిరిపోతాయే, అంతకన్నా ఎక్కువే ఉందమ్మా అన్నాను. ఓవెను గోడలు మందం, తలుపు తీయనంతవరకు వేడి మెల్లగానే దిగుతుందని చెప్పాను.

"గట్ల చెప్పరాదు మరి" అని ఆమె చెయ్యి తీసేసి అరుగు మీద కూర్చుంది. నేను పాదరసం చూసి చెబుతూ ఉన్నాను, ఆమె తలాడిస్తూ ఉంది. అది నూట ముప్పై దాటి దిగుతుండగా కరెంటు వచ్చింది. ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం. ఆ పండుగ తర్వాత కట్ట మీద నీళ్లు చల్లేవాళ్లకు తేమ శాతాలు చెప్పడం మానేశాను. గుప్పిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, అరచేతికి తడి అంటకూడదు అని చెప్పేవాణ్ని. చెక్కి పారేసే పొరలు తగ్గాయి.

తలుపు తెరిచేసరికి తొడ ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. డానియేలు పళ్లెం పట్టుకుని ముందు నడిచాడు. క్వార్టరులో డ్రాయింగు సెక్షను నుంచి అడిగి తెచ్చిన బల్ల, దాని చుట్టూ ఎత్తుపొడుగులు కలవని కుర్చీలు, స్టూళ్లు. శాంతమ్మ చెల్లెలు, ఆమె భర్త, డానియేలు భార్య, నేను కూర్చున్నాం. నడిమి కుర్చీ శాంతమ్మది.

ఆమె కూర్చోలేదు. కత్తి పట్టుకుని బల్ల పక్కన నిలబడి, ఎవరికి ఎంత కోయాలా అని చూస్తోంది. కొడుకు చెప్పాడు, కోడలు చెప్పింది, నేనూ చెప్పాను. కూర్చున్నట్టే కూర్చుని నీళ్ల కోసం లేచింది. మళ్లీ కూర్చుని ఉప్పు కోసం లేచింది. ఈ పండుగ కోసం నన్నూ, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరునూ, ప్రభుత్వ ఓవెనునూ కదిలించిన మనిషి తీరా ఆ కుర్చీలో కూర్చోలేకపోతోంది. నాకు నిజంగా కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

అప్పుడు చెల్లెలు లేచింది. అక్క చేతిలోంచి కత్తి తీసుకుంది. ఉత్త చేతులతో శాంతమ్మకు నిలబడటానికి పనేమీ మిగల్లేదు. మెల్లగా కూర్చుంది. చెల్లెలు మొదటి ముక్క మందంగా కోసి ఆమె పళ్లెంలో వేసి, "తిను అక్కా, నువ్వు తిన్నంకనే మేం" అన్నది. మేమంతా చేతులు కట్టుకుని చూస్తున్నాం. ఆమె ముక్క తుంచి, నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలింది. కళ్లు తుడుచుకుంది.

"తీపి ఎక్కువైంది" అన్నది. "గిదంత దొరసాని ఎట్ల తిన్నదో! కోడలా, జర కారప్పొడి తే."

కారం తెచ్చి చల్లారు. మళ్లీ తిని, "ఆఁ, గిప్పుడు మనదైంది" అన్నది. నవ్వులు ఆగాక అందరం తిన్నాం. నేనూ తిన్నాను. మా అమ్మకు చెప్పలేదు. ఆ రోజున్నంత రుచి నేను మళ్లీ ఏ బల్ల దగ్గరా చూడలేదని మాత్రం ఇప్పుడు చెప్పగలను.

తర్వాత నేను కాలువల పనికి మారి, అసిస్టెంటు ఇంజనీరుగా రిటైరయ్యాను. నా చేతి కింద తయారైన కాలువకు నీళ్లు వదిలే రోజున మొదటి వరుస కుర్చీలు మట్టి పోసిన కూలీ గుంపులకు వేయించేవాణ్ని. దానికి రెండుసార్లు సంజాయిషీ అడిగారు, రెండుసార్లూ ఇచ్చుకున్నాను. కుర్చీలు వేయగానే వాళ్లు కూర్చోరు. రమ్మన్నా, మర్యాదగా అడిగినా పక్కన నిలబడే ఉంటారు. ముందు వాళ్ల చేతిలోని పార తీసుకోవాలి. అప్పుడు కూర్చుంటారు.