పొయ్యి ఆర్పని పంతులమ్మ

నెబ్రాస్కాలోని విల్లోబెండ్ ఊరి బడికి పన్నెండు ఎడ్లు కట్టి లాక్కుపోదామని ఓరిన్ బర్జ్ వచ్చిన పొద్దున, లోపల పంతులమ్మ డార్కస్ ఏడో ఎక్కం చెప్పిస్తోంది. బడి అంటే దుంగల మీద నిలబెట్టిన చెక్కగది. ఆ దుంగలకే గొలుసులు బిగించాడు ఓరిన్. వాగు దాటి రెండు మైళ్ళు పోతే కొత్తగా రైలు స్టేషన్ పడుతోంది, దాని పక్కనే అతను దుకాణం తెరిచాడు. బడి దుకాణం ఎదురుగా ఉంటే ఊరంతా వెనకాలే నడిచొస్తుందని అతని ఆశ.

"పిల్లల్ని బయటికి పంపు పంతులమ్మా" అన్నాడు.

డార్కస్ పంపలేదు. ఇనప పొయ్యి తలుపు తెరిచి పిడక మీద పిడక దోపింది. పొగగొట్టం ఎర్రబడింది. రగిలే నిప్పుతో చెక్కగదిని గతుకుల్లో లాగితే ఏమవుతుందో ఎడ్లు తోలేవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. వాళ్ళ పిల్లలూ లోపలే ఉన్నారు.

"ఆర్పు" అన్నాడు ఓరిన్.

"నీళ్ళు బావిలో ఉన్నాయి. బావికి కూడా గొలుసు కట్టారా, ఇక్కడే వదిలేసి పోతారా?"

స్టేషన్ దగ్గర బావి లేదు. తోలేవాళ్ళలో ఒకడు నవ్వాడు. ఇంకొకడు వంగి గొలుసు విప్పేశాడు.

ఇదంతా కంచె పట్టుకుని చూసింది హెప్సీ. ఓరిన్ ఆమెకి సొంత తమ్ముడు; తల్లి పోతే చంకనేసుకుని పెంచింది. వాడి మొహం చూసి ఆమెకి నవ్వొచ్చింది. నవ్వినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

డార్కస్ వచ్చి ఆరేళ్ళు. మొదటి ఏడు బడి వాగు గట్టులో తవ్విన బొరియ. వానొస్తే పలకల మీద బురద, ఒకసారి పాము కూడా. మరుసటేడు ఇంటింటి వాళ్ళూ చెక్కలిస్తే ఈ గది లేచింది. పంతులమ్మ వారానికొక పిల్లాడి ఇంట్లో తిని పడుకోవడం ఇక్కడి ఆనవాయితీ. ఎడ్ల గొడవయ్యాక ఓరిన్ వైపు ఇళ్ళు ఆమె వంతు రాగానే తలుపులు మూసుకున్నాయి. పిల్లలు లేని హెప్సీకి వంతే లేదు. అయినా పంతులమ్మ పెట్టె తనే మోసుకొచ్చింది.

"వచ్చి పడుండు. నా పరుపు గట్టిది, నా నోరు ఇంకా గట్టిది."

హెప్సీ ఒహాయోలో రెండు చలికాలాలు చదువుకుంది, ఆ సంగతి ఎవర్నీ మరిచిపోనివ్వదు. పంచాంగం చదువుతుంటే డార్కస్ తప్పు దిద్దినందుకు రెండ్రోజులు కాఫీ పొయ్యలేదు. మూడోనాడు పంచాంగం తనే ముందుకి తోసింది.

బడి ఎక్కడుండాలో తేల్చేది ఏడాదికొకసారి జరిగే బడి సభ. నెబ్రాస్కాలో ఆడవాళ్ళకి ఇంకెక్కడా ఓటు లేదు గానీ, భూమి గానీ బడికెళ్ళే పిల్లలు గానీ ఉంటే ఆ సభలో ఉంది. డార్కస్‌కి రెండూ లేవు. ఊళ్ళో తలలు లెక్కేస్తే బడి ఇక్కడే ఉండాలని పదిహేడు, స్టేషన్‌కి పోవాలని పదిహేడు. మిగిలింది, పోయిన మొగుడి పొలం తన పేర ఉన్న హెప్సీ. బడి అవతలికి పోతే ఇవతలి పదకొండు మంది పిల్లలు వాగు పొంగిన రెండు నెలలూ ఇంట్లోనే.

ఆదివారం ఓరిన్ సంచీడు ఆపిల్‌పళ్ళు తెచ్చాడు.

"నాకు ఓటెయ్యమనడం లేదక్కా. ఆ రోజు ఇంట్లో ఉండు, చాలు. సరిసమానమైతే సభపెద్దని నేనే కదా, నా మాటే చెల్లుతుంది. అందరి ముందూ నీ చేతిలో ఓడిపోతే మాత్రం మళ్ళీ నీ గడప తొక్కను."

హెప్సీ పండు తొక్క తెగకుండా చివరిదాకా తీసింది. తెర వెనక డార్కస్ అంతా వింది.

సభ ముందురోజు సాయంత్రం డార్కస్ పశువుల పాకలోకి వచ్చింది. పెట్టె అప్పటికే సర్దేసుకుంది. హెప్సీ పాలు పితుకుతోంది, తలెత్తలేదు.

"ముందే చెప్తున్నా. వాణ్ణి ఈ చేతులతో పెంచాను."

"తెలుసు. ఓటు అడగడానికి రాలేదు."

పాలధార ఆగింది.

"రేపు నన్ను లోపలికి రానివ్వరు. అందరికంటే ముందెళ్ళి పొయ్యి మీరు వెలిగించండి అత్తా. చిన్నపిల్లలు కూర్చునే ముందు బల్ల మీద కూర్చోండి. మీ తమ్ముడు తలలు లెక్కపెట్టేటప్పుడు, మీ మనసు ఎటు లాగితే అటు లేచి నిలబడండి. ఇంట్లో మాత్రం ఉండిపోకండి."

హెప్సీ చేతులు తుడుచుకుని లేచి, రేపటి పొయ్యికి పిడకలు గంపలోకి ఎత్తసాగింది.